కలపనా, తుడిచెయ్యనా

తుడిచెయ్యనా అని అడుగుతోంది మిషను. హారతి 'వై' మీట మీద వేలు ఆనించి ఒక్క క్షణం ఆగింది. ఆగితే ఒరిగేదేమీ లేదని తెలుసు, అయినా ఆగింది, తర్వాత నొక్కింది. నల్లటి తెర మీద ఆకుపచ్చ వరస ఒకటి పైకి జరిగి కింద మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది, అంకె మాత్రం వేరు. నాలుగు వేల నూట పన్నెండు. తుడిచెయ్యనా? ఆ అంకె వెనకాల ఏముందో మిషను చెప్పదు, దానికీ తెలియదు. పొద్దున్న తొమ్మిదింటికి రాజమండ్రి మెయిన్ రోడ్డంతా కరెంటు ఒక్క నిమిషంలో మూడుసార్లు పోయి వచ్చింది. తుఫాను నాటి నుంచీ అది మామూలే, కానీ ఈ మూడుసార్లూ మిషను లోపల ఏదో రాసుకుంటూ ఉండగా పోయింది, బల్ల కింది బ్యాటరీ పెట్టె తుఫాను వారమంతా మోసి మోసి ఎప్పుడో ప్రాణం వదిలేసి ఉంది, ఒక్క కూత కూసి ఊరుకుంది. మళ్ళీ లేచిన మిషను ఎవరినీ లోపలికి రానివ్వలేదు. డిస్కులో ఏది ఎక్కడుందో నాకే తెలియడం లేదు, మొత్తం తడిమి చూసుకుంటాను, పక్కన కూర్చుని అడిగినదానికల్లా అవుననో కాదనో చెప్పు అంది. కాదంటే ఇక లేవదు. అందుకని పదిన్నర నుంచీ హారతి అవునంటోంది. కంప్యూటర్ క్లాసు పిల్లల్ని ఇళ్ళకి పంపేశారు. పది టెర్మినళ్ళూ చీకటి మొహాలతో గోడవారన వరసగా ఉన్నాయి, వాటి మీద దసరాకి పెట్టిన బొట్లు ఎండి పెచ్చులు లేచాయి, ఫ్యాను తిరిగినప్పుడల్లా ఒక పెచ్చు కదులుతోంది గానీ రాలడం లేదు. నాలుగు వేల నూట ముప్ఫై. తుడిచెయ్యనా? అవును.

తలుపు అద్దంలోంచి వరండా కనిపిస్తోంది. బెంచీ ఉండగా బెంచీ పక్కన నేల మీద కూర్చుని ఉంది సూరమ్మ, మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని, ఒళ్ళో గుడ్డ సంచీతో. సముద్రం ఒడ్డున ఏదో పాలెం నుంచి చీకటితో బయలుదేరి, అమలాపురంలో ఒకటి, రావులపాలెంలో ఒకటి, రెండు బస్సులు మారి వచ్చింది. వస్తూనే మెట్ల మీద చెప్పులు విప్పి, తడి కాళ్ళతో లోపలికి రావచ్చో లేదో తెలియక గడప దగ్గరే నిలబడింది.

"మా కుర్రోడు అప్పాజీ అమ్మా. దీపావళికి నాలుగు రోజుల ముందు ఏటకెళ్ళాడు, పడవ రాలేదు. మీ మిషన్లో మడుసుల గుర్తులన్నీ ఉన్నాయంట గదా, జ్ఞానప్రకాశం మాస్టారు సెప్పారు. గుర్తు సెప్తే ఎక్కడెట్టారో అది సెప్తాదంట."

"ఏం గుర్తండి?"

"సొక్కా రెండో గుండీ. ఊడిపోతే నేనే కుట్టాను, వల అల్లే నీలం తాడుతో. ఆ పొద్దు దారం కనపళ్ళేదు. ఏం కుట్టే ఇది, నలుగురూ నవ్వుతారు అని సిరాకు పడ్డాడు. పడవలో ఎవరు సూత్తార్రా నీ గుండీ అన్నాను." ఆ మాట దగ్గర ఆగి, హారతి మొహంలోకి చూసింది. "బతికున్నాడని రాలేదు తల్లీ. నాకు తెల్సు. రేపు పాడ్యమి, కార్తీకం ఎల్లిపోద్ది. ఎక్కడెట్టారో సెప్తే ఆ మట్టి మీద ఒక్క దీపం ఎట్టుకుని ఎల్లిపోతాను."

కూర్చోండి, మిషను లేవగానే చెప్తాను అంది హారతి. ఆయ్ అని కూర్చుంది ఆవిడ. అప్పటినుంచి గంట కావస్తోంది, కదల్లేదు, మంచినీళ్ళు అడగలేదు, ఇంకా ఎంతసేపు అనలేదు. సంచీ నోట్లోంచి నూనె సీసా మూత ఒకటి పైకి కనిపిస్తోంది. మళ్ళీ తుడిచెయ్యనా. నీలం తాడు. హారతికి ఆ నీలం తాడు తెలుసు. ఆ మాటని తన వేళ్ళతో కొట్టింది తనే, ఒక కాగితంలోంచి చూసి, తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో, నీలం నైలాన్ తాడుతో కుట్టిన గుండీ, రెండోది. కాగితం రంగు గుర్తుంది, దాని మూల చిరిగి ఉండడం గుర్తుంది, గుండీ అన్న మాట కింద ఆ మాస్టారి కలం ఒకసారి ఆగి చుక్క పడడం గుర్తుంది, ఆ కాగితం నంబరు గుర్తు లేదు, పైన రాసి ఉన్న చోటు గుర్తు లేదు. అవి గుర్తు పెట్టుకోవలసినవి కావు, మిషను గుర్తు పెట్టుకోవలసినవి. మనం మరిచిపోవచ్చు, అడిగితే అది చెప్తుంది, అందుకే కదా అది.

మిషనులోదంతా రోజూ నకలు తీసే టేపులు అప్పటికే చూసింది. ఐదు టేపులు, సోమవారం నుంచి శుక్రవారం దాకా, వాటి అట్టల మీద వారాల పేర్లు తన గుండ్రటి చేతిరాతలో. ఒక్కొక్కటీ పెట్టి చదవమంది. ఒక్కొక్కటీ కాసేపు తిరిగి, గొంతులో ముల్లు పడ్డట్టు కరకరలాడి, చదవలేను అంది. ఐదోది తీశాక బ్యాటరీ లైటు పెట్టి ఆ సందులోకి చూసింది. లోపల టేపు తగిలే చోట సన్నటి ఎర్రటి పొర. స్పిరిట్ అద్దిన దూదితో తుడిస్తే దూది ఎర్రబడింది. వాసన చూడక్కర్లేకుండానే తెలిసింది అదేమిటో. అది చిటికెన వేలికి అద్దుకుని అక్కడ పెట్టింది తనే. దసరా నాడు ఆయుధపూజకి రాజుగారు, ఆడపిల్లవి నువ్వే పెట్టమ్మా అన్ని మిషన్లకీ అని కుంకం భరిణె చేతికిచ్చారు, టెర్మినళ్ళకి పెట్టింది, ప్రింటరుకి పెట్టింది, పెద్ద మిషనుకి ఎక్కడ పెట్టాలో తోచక, నోరులా ఉన్న ఆ టేపు సందు మీద పసుపు రాసి పైన ఇంత బొట్టు పెట్టింది. బాగుంది అన్నారందరూ. ముఖానికి బొట్టొచ్చాక కళొచ్చింది మిషనుకి అన్నారు రాజుగారు.

మర్నాటి నుంచి పొద్దున్న టేపు తిప్పినప్పుడు తెర మీద ఏవో రెండు మూడు వరసలు రావడం మొదలుపెట్టాయి. ఎర్రర్, ఒక నంబరు, మళ్ళీ ఎర్రర్. హారతి ఆ నంబరు పట్టుకుని పుస్తకంలో వెతికింది. చదివింది, అర్థం కాలేదు, అర్థం కాలేదని ఎవరితోనూ అనలేదు. రాజుగారు, అంటే ఈ కంప్యూటర్ సెంటర్ పెట్టిన శ్రీనివాసరాజు గారు, భీమవరం వైపు మనిషి, రొయ్యల చెరువులు చేసి చేసి వైరస్ దెబ్బకి విసిగి చదువుల వ్యాపారంలోకి వచ్చినాయన, అదే వేళకి పటాలకి అగరొత్తులు తిప్పుతూ ఉంటారు. మూడో రోజున ఆ పొగతో అలాగే వచ్చి తెర ముందు నిలబడ్డారు.

"ఏంటమ్మా ఇది, దీపం పెట్టగానే ఎర్రర్ ఎర్రర్ అని? బోణీ వేళ. ఫీజు కట్టడానికొచ్చినోళ్ళు చూస్తే ఏమనుకుంటారు?"

"టేపు వ్రాసేప్పుడు వస్తోందండి."

"రాసేసుకుంటోందా లేదా?"

"చివర్లో మామూలుగానే ఆగుతోందండి."

"మరింకేంటి? ఆ మాట కనపడకుండా చెయ్యలేవా?"

చెయ్యొచ్చండి అంది. చేసింది. ఆజ్ఞ చివర ఒక రెండు, ఒక బాణం గుర్తు, ఒక గుంట పేరు. ఆ గుంటలో ఏది వేసినా మళ్ళీ రాదు, ఎంత వేసినా నిండదు. మిషను చెప్పుకునే తప్పులన్నీ ఆ పూట నుంచి ఆ గుంటలో పడ్డాయి. తెర మీద తర్వాతి ఆజ్ఞ కోసం ఎదురుచూసే డాలరు గుర్తు ఒక్కటే, దాని పక్కన మెరుస్తూ ఆరుతూ ఒక గీత, మంచి ఇంటి కోడలిలా. హారతికి తనేదో మర్యాద నేర్పినట్టనిపించింది దానికి. ఇంట్లో బియ్యం అయిపోయాయి అనకూడదు, నిండుకున్నాయి అనాలి. దీపం ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలి. నాన్నమ్మ పాపాయమ్మ చిన్నప్పుడే నేర్పింది, డబ్బాలోకి చెయ్యి పెట్టి అడుగు గీకుతూనే, నిండుకున్నాయే పిల్లా, నాన్నతో చెప్పు అనేది. లేదు అన్న మాట ఇంట్లో వినపడితే ఆ మాటే నిజమై కూర్చుంటుందిట. ఐదు వేల ఆరు. తుడిచెయ్యనా? అవును.

నాన్నమ్మ తనకి కూడా ఏమీ లేదనే అంది. కడుపు మీద తడిగుడ్డ వేసుకుని పడుకున్నప్పుడు ఏంటి నాన్నమ్మా అంటే, చల్లగా ఉంటుందని అనేది. అన్నం తగ్గించింది, పొద్దుగూకే వేళ తినను, ఏకభుక్తం అంది. ఊళ్ళో అందరూ ముసలమ్మకి భక్తి ముదిరింది అనుకున్నారు. నిడదవోలు ఆసుపత్రికి బండిలో తీసుకెళ్ళే నాటికి పొట్టలో గడ్డ కొబ్బరికాయంత ఉంది. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు అని డాక్టరు అరిస్తే నాన్న ఒక్కటే మాట, నొప్పి అనలేదు కదండి, అని. నొప్పి అనలేదు కదండి. ఆ మాట నాన్న ఆ తర్వాత ఎన్నోసార్లు అన్నాడు, ఎవరూ అడక్కుండానే, పొలం గట్టు మీద కూడా. అది చూసిన తనే, గదిలో మూల కూర్చుని ప్రతిదీ చూసిన తనే, ఏమీ అనని మిషనుని చూసి బాగుందనుకుంది.

ఎందుకంటే ఆశీర్వాదం మాస్టారు మొదటి రోజు చెప్పిన మాట అదే. నల్ల తెర ముందు పన్నెండు మంది పిల్లల్ని నిలబెట్టి, ఇది యూనిక్స్, ఇది వాగదు, పని అయితే ఊరుకుంటుంది, కాకపోతేనే నోరు విప్పుతుంది, ఊరుకుందంటే మంచిదే అని గుర్తు అన్నారు. మిగతా పిల్లలకి నచ్చలేదు, బొమ్మలు లేవు, బాణం లేదు, ఏం కొట్టినా జవాబు లేదు, గోడకి చెప్పినట్టుంది అని రెండు వారాలకే బొమ్మల మిషను కోర్సుకి మారిపోయారు. హారతి ఉండిపోయింది. పల్లెటూరి బళ్ళో పదేళ్ళు వెనక బల్ల మీద కూర్చుని, పిలిస్తే తప్ప పలకని పిల్లకి, పలకకుండా పనిచేసే దాన్ని చూస్తే ఏదో చుట్టరికం తోచింది. ఎల్ఎస్ అంటే ఉన్నవన్నీ చూపిస్తుంది. క్యాట్ అంటే విప్పి చదువుతుంది. గ్రెప్ అని ఒక మాట ఇస్తే వేల వరసల్లో ఆ మాట ఉన్న వరస ఒక్కటే తెచ్చి చేతిలో పెడుతుంది. ఎవరి గదిలోకి ఎవరు వెళ్ళాలో, ఏది చదవొచ్చో, ఏది రాయొచ్చో ప్రతిదానికీ కట్టుబాటు ఉంటుంది, రూట్ అన్న పేరుతో లోపలికి వచ్చినవాళ్ళకి మాత్రం ఏ కట్టుబాటూ ఉండదు. ఆశీర్వాదం మాస్టారు హైదరాబాదు ఉద్యోగానికి వెళ్తూ ఆ రూట్ మాటని చీటీ మీద రాసి ఆమె చేతిలో పెట్టారు. "గుర్తు పెట్టుకుని చింపెయ్యి. రూట్ని మిషను ఎందుకని అడగదు, ఆ ప్రశ్న నిన్ను నువ్వే వేసుకోవాలి" అన్నారు. ఆ చీటీ చింపడానికి వారం పట్టింది. ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ ఆమెని ఏదీ నమ్మి చేతిలో పెట్టలేదు.

ప్రశ్న మారింది. హారతి గబుక్కున ముందుకి వంగింది. ఇప్పుడు తుడిచెయ్యనా అనడం లేదు, కలపనా అంటోంది. ఎవరికీ చెందని ఫైలు ఒకటి ఉంది, లోపల ఏదో ఉంది, పేరు లేదు, కలపనా? అవును. ఇంకొకటి. అవును. ఇంకొకటి. ఇలాంటివాటి కోసం యూనిక్స్‌లో ముందే ఒక ఖాళీ గది కట్టి ఉంచుతారు, దాని పేరుకి అర్థం పోయినవీ దొరికినవీ అని. మొదటిసారి ఆ గది చూసినప్పుడు ఇదేంటండి ఏమీ లేదు అని అడిగింది. లేకపోవడమే మంచిదమ్మా, ఇందులో ఏదైనా కనిపించిన రోజు నువ్వు ఏడుస్తావు అన్నారు ఆశీర్వాదం మాస్టారు నవ్వుతూ. పేర్లు పోయినవన్నీ ఆ గదిలోకి చేరతాయి, ఒక్కొక్కదానికీ ఒక అంకె తగిలించి పడుకోబెడతారు, ఎవరైనా వచ్చి విప్పి చూసి, గుర్తుపట్టి, మళ్ళీ పేరు పెట్టేదాకా.

జ్ఞానప్రకాశం మాస్టారు చేసింది కూడా అదే. తుఫాను వెళ్ళిన ఐదో రోజు నుంచి, రిటైరైన ఆ పెద్దమనిషి నలుగురు కుర్రాళ్ళని వెంటేసుకుని మోకాలి లోతు బురదలో తిరిగాడు. ఎవరూ వచ్చి మావాడు అనని వాళ్ళని మూడు చోట్ల పెట్టారు. సరుగుడు తోటలో కొందరిని, ఉప్పు మడుల గట్టు మీద కొందరిని, కాలవ లాకుల వెనక కొందరిని. పైవాళ్ళకి లెక్క చాలు. ఆయనకి చాలలేదు. మట్టి కప్పేలోపల ఒక్కొక్కరి దగ్గరా వంగి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, కాగితం మీద రాశాడు. ఎడమ చేతి మీద తేలు పచ్చబొట్టు. వెండి మొలతాడు, తాయెత్తు లేదు. కాలి రెండు వేళ్ళు కలిసి ఉన్నాయి. లంగా మీద మామిడి పిందెల అచ్చు. వయసు తెలియదు. వయసు తెలియదు. వయసు తెలియదు. నూట నలభై మూడు కాగితాలు, ఉప్పు నీటికి ఉబ్బి ఎండి అప్పడాల్లా గరగరలాడేవి, వాటిలోంచి ఒక వాసన వచ్చేది, అది కాగితం వాసన కాదు. రాజుగారు పుణ్యకార్యమని ఒప్పుకున్నారు, వారం రోజులు మిషను ఇచ్చారు, హారతి ఒక్కతే కూర్చుని కొట్టింది. ఒక్కొక్కరికీ ఒక ఫైలు. మాస్టారు వెనక నిలబడి చూసేవాడు. అమ్మా, తేలు అని అడిగితే ఈ తేలున్నోడు వస్తాడా? వస్తాడండి. ఆమె గ్రెప్ కొట్టగానే ఆ వరస వచ్చింది. ముసలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆఖరి రోజున ఆయన అడిగాడు. ఇవన్నీ ఇంకో నకలు రాసి మా ఇంట్లో పెట్టుకోనా తల్లీ అని. అక్కర్లేదండి, రోజూ టేపు మీదకి తీస్తాను, ఐదు నకళ్ళున్నట్టు లెక్క అంది హారతి. తన జీవితంలో ఒకరు అడక్కుండా రెండు మాటలు ఎక్కువ మాట్లాడిందంటే అదే. ఆ మాటలు అన్నప్పుడు గొంతు ఎలా ఉందో కూడా గుర్తుంది, తనది కానట్టు, గర్వంగా. ఇందాక సూరమ్మ గుర్తు చెప్పగానే ఎస్టీడీ బూత్ నుంచి ఆయనకి ఫోను చేసింది. నీలం గుండీ ఎక్కడ చూశారో గుర్తుందా అండి అని. "నాకేం గుర్తుంటాయమ్మా" అన్నాడు ఆయన. "గుర్తుంటే నిద్రపడుతుందా? మర్చిపోవడానికేగా రాశాను."

కాగితాలు ఉంటే చాలు. కాగితాలు ఉంటే ఈ మిషను బూడిదైపోయినా ఫరవాలేదు. కానీ చావు కాగితాలు సరస్వతి ఉన్న చోట పెట్టకూడదు అన్నారు రాజుగారు, పని పూర్తయిన సాయంత్రమే. కాల్చెయ్యమందామంటే అక్షరాన్ని కాల్చకూడదు. "దారిలో గోదారమ్మకి ఇచ్చెయ్యమ్మా, ఎలాగూ బ్రిడ్జి మీంచే వెళ్తావుగా" అన్నారు. తప్పని ఆమెకీ అనిపించలేదు. పాత పంచాంగాలు, చిరిగిన పటాలు, నాన్నమ్మ రామకోటి పుస్తకాలు, అన్నీ అలా వెళ్ళినవే. నిడదవోలు పాసింజరు బ్రిడ్జి ఎక్కగానే కిటికీల్లోంచి చేతులు బయటికి వచ్చి పావలాలు పడుతున్నాయి, ఇనప దూలాలు దడదడమంటున్నాయి, హారతి తలుపు దగ్గర నిలబడి కట్ట వదిలింది. మునుగుతుందనుకుంది. దారం తెగి కాగితాలు గాల్లోనే విడిపోయాయి, రైలుతో పాటు కాసేపు ఎగిరాయి, వెనకబడి, నీళ్ళ మీద తెల్లగా పరుచుకున్నాయి. పక్కనున్న ముసలాయన చేతులు జోడించాడు. అస్థికలా అమ్మా అన్నాడు. కాదండి, కాగితాలు అంది. అందులో నీలం గుండీ ఎగిరిందా, అప్పటికే నీళ్ళలో ఉందా. అవును. కలుపు. అవును. ఐదు వేల ఎనిమిది వందలు. ఇందాక తుడిచెయ్యనా అని అడిగినవాటిలో ఒకటి అప్పాజీ అయి ఉంటుందా. ఏ అంకె దగ్గర. తను ఆగిందే, ఆ నాలుగు వేల నూట పన్నెండుకి ముందుదా. ఆగినప్పుడు వేలికి ఏమైనా తెలిసిందా. ఏమీ తెలియలేదు. మిగతా మీటల్లాగే చల్లగా ఉంది.

"ఏమైందమ్మా, లేచిందా?" రాజుగారు లోపలి గదిలోంచి వచ్చారు. తెర చూశారు, తలుపు అద్దంలోంచి సూరమ్మని చూశారు, గొంతు తగ్గించారు. "ఆవిడ ఇంకా ఉందా? లేదని మాత్రం చెప్పకు, పాపం. రేపు రమ్మను."

"రేపు పాడ్యమండి."

"ఎల్లుండి రమ్మను. ఆ టైముకి విశాఖపట్నం నుంచి ఎవర్నైనా పిలిపిద్దాం. కడుపుకోత మనిషి, లేదన్న మాట మన నోట ఎందుకు?" ఆయన గొంతులో దయ ఉంది, నిజమైనదే. ఆ దయతోనే ఆయన గుమ్మం దగ్గరికి వెళ్ళి, సూరమ్మ చూడకుండా, వెనక్కి వచ్చేశారు.

పదకొండూ నలభైకి ప్రశ్నలు ఆగిపోయాయి. మిషను మళ్ళీ మొదట్నుంచి లేచి, ఏమీ జరగనట్టు, పేరు అడిగింది. రూట్ అని కొట్టింది. పోయినవీ దొరికినవీ చేరే ఆ గదిలోకి వెళ్ళి ఎల్ఎస్ కొట్టింది. అంకెలు, అంకెలు, అంకెలు, వరసలుగా తెర నిండా. మొత్తం రెండు వందల పైచిలుకు, వాటిలో పిల్లల పాఠాలే సగం. ఒక్కొక్కటీ విప్పింది. తేలు పచ్చబొట్టు ఉన్నాడు. మామిడి పిందెల లంగా ఉంది, చోటు రాసిన వరస లేదు. ఒకదాంట్లో వెండి మొలతాడు అని ఉండి, సగంలో తెగి, ఆ కిందనుంచి ఎవరో పిల్లవాడు సరి సంఖ్యలు లెక్కపెట్టడానికి రాసుకున్న ప్రోగ్రాము మొదలైంది, మనిషి మొండేనికి లెక్కల పుస్తకం కుట్టినట్టు. నూట నలభై మూడులో దొరికినవి అరవై ఒకటి. అప్పుడు గ్రెప్ కొట్టి నీలం అని ఇచ్చింది. వరస ఏదీ రాలేదు, డాలరు గుర్తు వచ్చింది. గుండీ అని ఇచ్చింది. డాలరు గుర్తు. తాడు. మొలతాడు ఒక్కటి వచ్చింది, అదే, తెగిపోయినది. ఆ గదిలో కాకుండా డిస్కు మొత్తం వెతకమంది, మూడు నిమిషాలు తిరిగింది మిషను మీది చిన్న దీపం ఎర్రగా కొట్టుకుంటూ, మళ్ళీ డాలరు గుర్తు, పక్కన గీత మెరుస్తూ, ఆరుతూ. ఏమీ అనలేదు. ఊరుకుంది.

హారతి లేచింది. కుర్చీ చప్పుడుకి రాజుగారు లోపలినుంచి, రేపు, అన్నట్టు చెయ్యి ఊపారు. తలుపు తోసుకుని వరండాలోకి వచ్చి, బెంచీ మీద కూర్చోకుండా, సూరమ్మకి ఎదురుగా నేల మీద కూర్చుంది. సూరమ్మ మోకాళ్ళ మీంచి తల ఎత్తింది. సంచీని ఒళ్ళోకి దగ్గరగా లాక్కుంది, ఇక బయలుదేరడమే అన్నట్టు.

"లేదండి" అంది హారతి.

"మావోడు అందులో లేడా?"

"ఉన్నాడండి. ఉండేవాడు. నీలం తాడు గుండీ, రెండోది. కాగితం మీద నేను చదివాను, నేనే మిషన్లో పెట్టాను. ఇవాళ పోయింది. నకళ్ళు పాడైపోయాయని మిషను రోజూ చెప్తూనే ఉంది, నేనే వినపడకుండా చేశాను. కాగితాలు గోదాట్లో వేశాను. నా చేతులతోనే పోయిందండి."

సూరమ్మ ఏడుస్తుందనుకుంది హారతి, తిడుతుందనుకుంది, తిడితే బాగుండుననుకుంది. ఆవిడ చెయ్యి మాత్రం తన రవిక మీద గుండీ ఉండే చోటికి వెళ్ళి, అక్కడ దేన్నో పట్టుకున్నట్టు ఆగింది.

"నీలమేనా? ఆకుపచ్చ తాడు కాదు గదా? ఆకుపచ్చది పోలయ్యోళ్ళ పడవది."

"నీలమేనండి."

"అయితే ఒడ్డుకొచ్చాడు" అంది సూరమ్మ. ఆ మాట ఇంకెవరితోనో అన్నట్టుగా అంది. తర్వాత హారతి వైపు తిరిగి, "ఎక్కడో తెలవదు" అంది.

"మూడు చోట్ల పెట్టారండి. ఆ మూడిట్లో ఒకటి. ఏదో తెలియదు."

సూరమ్మ సంచీలోకి చెయ్యి పెట్టి తడిమింది. "పెమిద ఒకటే తెచ్చుకున్నాను" అంది.

హారతి లోపలికి వెళ్ళి ఒక తెల్ల కాగితం, పెన్ను తెచ్చింది. మూడు చోట్లూ పెద్ద అక్షరాలతో రాసింది, ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో, ఎవరిని అడగాలో కింద రాసింది. సూరమ్మకి చదవడం రాదు, కానీ కాగితాన్ని సరిగ్గానే పట్టుకుంది, సిరా ఆరేదాకా గాలికి పట్టుకుంది. తర్వాత నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంటూ ఆగింది.

"ఇది పోదు గదా తల్లీ?"

హారతి ఊరుకుంది. ఊరుకున్న ఆ కొద్దిసేపట్లోనే సూరమ్మ మొహం తేలికపడడం, చెయ్యి మడతని బొడ్లోకి నెట్టడం చూసింది. బండిలో చాప మీద నాన్నమ్మ ఊరుకోవడం, పొద్దున్నే అగరొత్తి పొగలో డాలరు గుర్తు ఊరుకోవడం చూసినట్టే చూసింది.

"పోతుందండి. తడిస్తే పోతుంది. నోటికి పట్టుకోండి, నాతో చెప్పండి" అంది. "సరుగుడు తోట."

"సరుగుడు తోట" అంది సూరమ్మ.

"ఉప్పు మడుల గట్టు."

"ఉప్పు మడుల గట్టు."

"లాకుల వెనక."

సూరమ్మ పెదాలు కదిలాయి, మాట రాలేదు. హారతి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది.